పాత్ర పట్టినంత

ప్రతి పాత్రకూ ఒక కొలత ఉంటుంది. కుండలో కుండెడు నీళ్ళే పడతాయి. గాదెలో గాదెడు ధాన్యమే నిలుస్తుంది. ఇది పసిపిల్లలకు కూడా తెలిసిన సంగతి. అయినా మనిషి తరచుగా మరచిపోయే సత్యం కూడా ఇదే. కంటికి కనబడే పాత్రల విషయంలో మనం జాగ్రత్తగానే ఉంటాం. నీరు అంచుదాకా రాగానే చెయ్యి ఆపుతాం. అంచు కనబడని పాత్రలతోనే చిక్కంతా. సరస్సుకు అంచు ఎక్కడ? మనసుకు అంచు ఎక్కడ? కంప్యూటరు లోపలి జ్ఞాపకానికి అంచు ఎక్కడ? ఈ మూడు ప్రశ్నలనూ ఒకచోట చేర్చి ఆలోచించవలసిన అవసరం నాకు మా మేనల్లుడి వల్ల కలిగింది.

మా అక్కను కొల్లేటి లంక గ్రామంలో ఇచ్చారు. నేను ఏలూరులో స్థిరపడ్డాను. మేనల్లుడు తాడేపల్లిగూడెంలో ఇంజనీరింగు చదువుతున్నాడు. శనివారం సాయంత్రం రైలెక్కి, పూళ్ళ, భీమడోలు, దెందులూరు దాటి ఏలూరులో దిగి, ఆ రాత్రి మా ఇంట్లో ఉండి, తెల్లవారి బస్సులో లంకకు వెళ్ళడం అతని అలవాటు. వచ్చినప్పుడల్లా అతని సంచిలో పుస్తకాలకంటె ముందు ల్యాప్‌టాప్ బయటికి వస్తుంది. అందులో అతనికి ప్రాణప్రదమైన ఆట ఒకటి ఉంది. అది పాత ఆట. మంచుకొండలు, కోటలు, అడవులు, వాటి మధ్య ఒంటరిగా తిరిగే వీరుడు. అయితే అతను ఆడేది కొన్నప్పటి ఆట కాదు. దానికి అతను లెక్కలేనన్ని 'మోడ్లు' తగిలించాడు.

మోడ్ అంటే ఆటను తయారుచేసినవారు కాక, ఆడేవారిలోనే నేర్పరులు తయారుచేసి ఇచ్చే మార్పు, లేదా చేర్పు. ఒకరు ఆటలోని చెట్లకు కొత్త ఆకులు తొడుగుతారు. ఒకరు వానకు కొత్త చప్పుడు ఇస్తారు. ఇంకొకరు అసలు ఆటలో లేని ఊరినే కట్టిస్తారు. బస్సులు నడిపే ఆటలలో మన ఆర్టీసీ 'పల్లెవెలుగు' రంగులు పూసుకొని ఆనందించే పిల్లలు మన ప్రాంతంలోనూ ఉన్నారు. దీనిని కేవలం కాలక్షేపమని తీసివేయడానికి వీలులేదు. 1999లో 'హాఫ్ లైఫ్' అనే ఆటకు ఇద్దరు యువకులు చేసిన మోడ్ 'కౌంటర్ స్ట్రైక్'. మరుసటి ఏడాదికే అది సొంత ఆటగా విడుదలై ప్రపంచమంతా వ్యాపించింది. 2000 తరవాతి సంవత్సరాలలో మన పట్టణాల ఇంటర్నెట్ కేంద్రాలలో గంటకింత అని చెల్లించి కుర్రవాళ్ళు ఆడిన ఆటలలో అదీ ఒకటి. కాబట్టి మోడ్ చేయడమంటే ఒకరి కథలో మరొకరు పాత్ర ప్రవేశపెట్టడం వంటిది. మన పురాణ కథలకు హరికథకులూ, తోలుబొమ్మలవారూ చేసిన పని కూడా దాదాపు ఇదే.

మేనల్లుడి మోడ్ల జాబితా కొల్లేటి చాంతాడంత ఉండేది. "ఎన్నిరా ఇవి?" అని అడిగితే, "రెండువందలు దాటాయి మావయ్యా. ఒక్కొక్కటీ చిన్నదేనండి" అన్నాడు. ఆ రెండో మాట నాకు అప్పుడు ప్రత్యేకంగా అనిపించలేదు. దాని బరువు ఎంతో తరవాత తెలిసింది.

కొన్నాళ్ళకు అతనికొక ఇబ్బంది వచ్చింది. ఆట మొదలుపెట్టిన గంటకో, గంటన్నరకో అది హఠాత్తుగా మాయమయ్యేది. తప్పు ఏమిటో చెప్పే మాట ఒక్కటీ తెరమీద కనబడేది కాదు. దీపం ఆర్పినట్టు ఆరిపోయేది. వీరుడు కొత్త ఊరి పొలిమేరలో అడుగు పెడుతుండగానే ఇలా జరిగేది. అతని యంత్రంలో ఎనిమిది గిగాబైట్ల జ్ఞాపకశక్తి ఉంది. అది చాలడం లేదనీ, మరో ఎనిమిది వేయించాలనీ అతను నిశ్చయించుకున్నాడు. అందుకు కొన్ని వేల రూపాయలు కావాలి. ఆ మాట తండ్రిని అడగడానికి అతనికి నోరు రాలేదు. ఎందుకంటే ఆ ఏడాది ఇంట్లో పరిస్థితి బాగాలేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో చాలా భాగాన్ని ముంచెత్తిన సంగతి అందరికీ తెలుసు. ఆ నీరంతా చివరికి చేరవలసింది కొల్లేటికే. ఏలూరు - కైకలూరు రోడ్డు మీదుగా నీళ్ళు పారి రాకపోకలు ఆగిపోయాయి. మా అక్కవాళ్ళ వాకిట్లో నీరు రోజుల తరబడి నిలిచింది. మా బావ కౌలుకు చేసే చేపల చెరువు గట్టు మునిగి, అందులోని బొచ్చె, శీలావతి పిల్లలు వరదపాలయ్యాయి. అందుకని మేనల్లుడు ఆ ప్రస్తావన నా దగ్గర తెచ్చాడు.

"డబ్బు సంగతి తరవాత చూద్దాం. ముందు అది నిజంగా కావాలో అక్కరలేదో తేల్చుకో" అన్నాను. అతను తెలివైనవాడు. పదహారు గిగాబైట్లు ఉన్న స్నేహితుడి యంత్రంలో అదే ఆటను, అవే మోడ్లతో ఎక్కించి చూశాడు. ఆశ్చర్యం! అక్కడా అదే సమయానికి, దాదాపు అదే చోట ఆరిపోయింది. యంత్రంలో ఇంకా సగానికి పైగా జ్ఞాపకం ఖాళీగా ఉంది. ఆట వాడుకున్నది మూడు గిగాబైట్లు దాటి నాలుగుకు చేరువయ్యేసరికి కథ ముగిసింది. ఇంటినిండా గదులు ఖాళీగా ఉండగా వచ్చిన చుట్టాన్ని చోటు లేదని పంపివేసినట్టుంది ఇది. ఇందులోని రహస్యం తెలుసుకోవడానికి మేమిద్దరం రెండు మూడు ఆదివారాలు కూర్చున్నాం.

మొదట 'మెమరీ' అన్న మాటను సరిచేసుకోవాలి. దానిని మనం జ్ఞాపకమని అనువదిస్తాం. కానీ కంప్యూటరులో రెండు రకాల జ్ఞాపకాలు ఉంటాయి. ఒకటి బీరువా వంటిది. అందులో పెట్టినవి కరెంటు పోయినా ఉంటాయి. రెండవది బల్ల వంటిది. ఏ పని చేస్తున్నామో ఆ పనికి కావలసిన కాగితాలను బీరువాలో నుంచి తీసి బల్లమీద పరచుకుంటాం. పని ముగియగానే బల్ల ఖాళీ. ఆటలు ఆడేవారు మెమరీ చాలలేదన్నప్పుడు చెప్పేది ఈ బల్ల గురించే. మంచి ఆట బల్లమీద పెద్ద సంసారమే పరుస్తుంది. వీరుడు నిలుచున్న చోటి కొండలు, ఇళ్ళు, మనుషులు, వారి మాటలు అన్నీ ఆ క్షణాన బల్లమీద ఉండాలి. వీరుడు ముందుకు నడిచేకొద్దీ కొత్తవి రావాలి, పాతవి పోవాలి.

బల్ల పెద్దదైతే చాలదు. బల్లమీద ఏ వస్తువు ఎక్కడ ఉందో చెప్పడానికి ప్రతి చోటుకూ ఒక చిరునామా ఉండాలి. మన తపాలా పిన్‌కోడ్‌ను తలచుకోండి. 1972 ఆగస్టు 15న ఆరంభమైన ఆ పద్ధతిలో ఆరు అంకెలు ఉంటాయి. ఏలూరుకు 534001, తాడేపల్లిగూడేనికి 534101. ఆరు అంకెలతో పది లక్షల సంఖ్యలకు మించి రాయలేం. ఒకవేళ దేశంలో అంతకంటె ఎక్కువ తపాలా ప్రాంతాలు ఏర్పడితే, మిగిలినవాటికి ఇళ్ళూ మనుషులూ ఉన్నా కోడ్ ఉండదు. పాత ఆటల సంగతీ ఇంతే. అవి 32 బిట్ల చిరునామాలతో తయారయ్యాయి. ఒక్కొక్క బిట్టు సున్నా గాని ఒకటి గాని అవుతుంది. అటువంటివి ముప్పైరెండు పక్కపక్కన పెడితే ఏర్పడే సంఖ్యలు 429 కోట్ల 49 లక్షల 67 వేల 296. ఒక్కొక్క సంఖ్యకు ఒక్క బైటు చొప్పున అది సరిగ్గా నాలుగు గిగాబైట్లు. ఆపైన యంత్రంలో ఎంత చోటున్నా ఆ ఆటకు దాని ఊసే తెలియదు. ఆ చోటును పిలవడానికి దాని దగ్గర అంకె లేదు.

పైగా పాత పద్ధతిలో విండోస్ ఆ నాలుగింటిని రెండు వాటాలు వేసి, ఒక వాటాను తన నిర్వహణకు ఉంచుకొని, ఆటకు రెండింటినే ఇచ్చేది. 'నేను పెద్ద చిరునామాలను కూడా వాడగలను' అని కార్యక్రమంలో గుర్తు పెట్టి ఉంటేనే, 64 బిట్ల విండోస్ దానికి నాలుగు గిగాబైట్లూ వదులుతుంది. 2011 నవంబరు 11న విడుదలైన 'స్కైరిమ్' అనే ప్రసిద్ధమైన ఆట చరిత్ర దీనికి మంచి ఉదాహరణ. అది మోడ్లకు పుట్టినిల్లు వంటిది. విడుదలైనప్పుడు అది రెండు గిగాబైట్ల హద్దులోనే ఉండేది. ఆడేవారు తమంతట తాము ఆ గుర్తును మార్చి వాడుకోసాగారు. ఆ ఏడాది డిసెంబరులో తయారీదారులే దానిని నాలుగుకు పెంచారు. 2016 అక్టోబరులో 64 బిట్లతో కొత్త కూర్పు వచ్చాకగాని ఆ హద్దు పూర్తిగా తొలగలేదు. ఇంకొక హద్దు కూడా అందులో ఉండేది. తగిలించే ప్రతి మోడ్ దస్త్రానికీ ఇచ్చే క్రమసంఖ్యకు ఎనిమిది బిట్లే కేటాయించారు. అందువల్ల ఆటయొక్క మూల దస్త్రాలతో కలిపి 255కు మించి ఎక్కించడం సాధ్యపడేది కాదు.

అంకెల కరవు మనుషుల జీవితాలను మార్చడం తెలుగువారికి కొత్త కాదు. పాత కార్యక్రమాలలో సంవత్సరానికి రెండే అంకెలు కేటాయించిన కారణంగా, 2000 సంవత్సరం వస్తే కంప్యూటర్లు దానిని 1900గా పొరబడతాయన్న భయం 1990వ దశకం చివర ప్రపంచాన్ని పట్టుకుంది. దానినే 'వై2కె' అన్నారు. కోట్ల వరుసల పాత కార్యక్రమాలను సరిచేయడానికి మనుషులు కావలసివచ్చింది. కృష్ణా, గోదావరి డెల్టా పల్లెల నుంచి ఎందరో యువకులు ఆ పనిమీద అమెరికా చేరారు. రెండంకెలు పొదుపు చేసిన ఆనాటి కార్యక్రమకర్తలు అవివేకులు కారు. వారి కాలంలో జ్ఞాపకం బంగారంతో సమానం. తమ కార్యక్రమాలు అంతకాలం బతుకుతాయని వారు ఊహించలేదు, అంతే. ముప్పైరెండు బిట్లు ఎంచుకున్నవారికి కూడా నాలుగు గిగాబైట్లు సముద్రమంతగా తోచి ఉంటాయి.

మరి ఆ సముద్రం ఎలా నిండింది? ఆటలోని రాతిగోడమీద అతికించే బొమ్మను తీసుకుందాం. దాని నిలువూ అడ్డమూ 1,024 చుక్కలనుకుంటే, చుక్కకు నాలుగు బైట్ల లెక్కన అది నాలుగు మెగాబైట్లు. బొమ్మ మరింత నాణ్యంగా ఉండాలని నిలువునూ అడ్డాన్నీ రెట్టింపు చేస్తే పదహారు. మళ్ళీ రెట్టింపు చేస్తే అరవైనాలుగు. కంటికి గోడ కాస్త మెరుగైనట్టు కనిపిస్తుంది; బల్లమీద చోటు మాత్రం పదహారు రెట్లు పోతుంది. బొమ్మలను కుదించి దాచే పద్ధతులు ఉన్నాయి గాని, ఎంత కుదించినా ఈ నిష్పత్తి మారదు. మేనల్లుడు గోడలకు ఒకటి, చెట్లకు ఒకటి, మంచుకు ఒకటి అంటూ నాణ్యమైన బొమ్మలు తెచ్చి పెట్టాడు. ఒక్కొక్కటీ చిన్నదే.

దీనికి తోడు మరొక చిక్కు ఉంది. పెళ్ళిపందిట్లో పంక్తులు వేశారనుకోండి. మొత్తం మీద ఇరవై విస్తళ్ళు ఖాళీగా ఉన్నాయి. కానీ ఇక్కడొకటి, అక్కడొకటి. ఆరుగురున్న కుటుంబం వచ్చి ఒకేచోట వరుసగా కూర్చుంటామంటే చోటు లేదు. బల్లమీద కూడా వస్తువులు వస్తూ పోతూ ఉండగా మిగిలిన ఖాళీ ముక్కచెక్కలవుతుంది. పెద్ద బొమ్మకు ఏకఖండంగా చోటు కావాలి. ముక్కల లెక్క కూడితే చోటున్నట్టే ఉంటుంది, అడిగితే దొరకదు. అందుకే ఆట హద్దును పూర్తిగా తాకకముందే కుప్పకూలుతుంది.

ఈ మాట దగ్గరికి వచ్చేసరికి మా బావ అక్కడే కూర్చుని వింటున్నాడు. ఆయన కంప్యూటరు ఎరగడు. "ముక్కలైపోతే చోటున్నా లేనట్టే. మా కొల్లేటికి జరిగింది అదేగా" అన్నాడు.

ఆయన మాటలో ఎంత నిజముందో విద్యార్థులు గ్రహించాలంటే కొల్లేటి సంగతి కొంత తెలియాలి. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పల్లంలో ఏర్పడిన మంచినీటి సరస్సు అది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరులతో పాటు ఎన్నో మురుగు కాలువలు అందులో కలుస్తాయి. బయటికి పోయే దారి మాత్రం ఒక్కటే. అది ఉప్పుటేరు. సుమారు అరవై కిలోమీటర్లు వంకరలు తిరిగి అది బంగాళాఖాతంలో కలుస్తుంది. వచ్చే దారులు అనేకం, పోయే దారి ఒక్కటి అయినప్పుడు మధ్యలో ఉన్న సరస్సుకు నీటిని పట్టి ఉంచగల విశాలత కావాలి. వానాకాలంలో వచ్చినదాన్ని కడుపులో దాచుకొని, మెల్లమెల్లగా ఉప్పుటేటికి వదలడం కొల్లేటి ధర్మం. సముద్రమట్టానికి అయిదడుగుల ఎత్తు గీత వరకు లెక్కిస్తే దాని విస్తీర్ణం సుమారు 308 చదరపు కిలోమీటర్లు. పదడుగుల గీత వరకు నీరు పరచుకుంటే సుమారు 901 చదరపు కిలోమీటర్లు. వేసవిలో చిక్కి, వర్షాలకు పొంగే దాని అంచును ఎవరూ గోడకట్టి చూపలేరు.

పూర్వం అక్కడివారు తాటిదోనెలమీద తిరుగుతూ, మావులు పెట్టి చేపలు పట్టుకొనేవారు. నీరు తీసిన నేలలో వరి పండించేవారు. వరదలకు వరి దక్కడం అనుమానం కావడంతో, 1970వ దశకంలో సహకార సంఘాల ద్వారా చేపల చెరువుల తవ్వకానికి ప్రోత్సాహం లభించింది. పేదలకు బతుకుతెరువు చూపాలన్నదే అప్పటి సంకల్పం. చెరువులు లాభించాయి. సంఘాల చెరువుల వెంట పెట్టుబడిదారుల చెరువులు వచ్చాయి. ఒక గట్టు పక్కన మరో గట్టు లేచింది. ఆకాశం నుంచి చూస్తే సరస్సు గళ్ళదుప్పటిలా కనిపించే స్థితి వచ్చింది. ప్రతి గడిలోనూ నీరుంది. కానీ ఒక గడిలోని ఖాళీ మరొక గడికి పనికిరాదు. వరద వచ్చినప్పుడు పరచుకోవడానికి చోటులేక ఆ నీరు ఊళ్ళమీదికి మళ్ళింది.

1999లో అయిదడుగుల గీత వరకు కొల్లేటిని వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అది అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడినేలల జాబితాలో, అంటే రామ్‌సర్ జాబితాలో చేరింది. 2006లో సుప్రీంకోర్టు నియమించిన కేంద్ర సాధికార సంఘం ఆదేశాల మేరకు 'ఆపరేషన్ కొల్లేరు' పేరుతో అభయారణ్యంలోని చెరువుల గట్లను పెద్దఎత్తున కొట్టివేశారు. మా బావకు ఆనాడు సంఘం చెరువులో చిన్న వాటా ఉండేది. అదీ పోయింది. మేనల్లుడు అప్పుడు ఉయ్యాలలో ఉన్నాడు. ఆ తరవాత మా బావ కొన్నాళ్ళు కూలికి వెళ్ళి, మెల్లగా గీతకు వెలుపల కౌలుకు చెరువు పట్టుకొని నిలదొక్కుకున్నాడు. ఆ చెరువుమీదే పిల్లవాడి ఫీజు నడుస్తోంది.

"అప్పట్లో మీకు కోపం రాలేదా బావా?" అని ఆ రోజు అడిగాను.

ఆయన కొంతసేపు మాట్లాడలేదు. "రాకపోతే ఎలా ఉంటుంది? అన్నం పోయింది. గట్టు కొట్టేవాళ్ళకి ఆ గట్టు ఎన్నేళ్ళు మోసిన మట్టో తెలీదు" అన్నాడు. మళ్ళీ ఆయనే, "కానీ ఒకటి. నా వాటా ఎంతని? ఎకరమో, ఎకరంన్నరో. ఇంత కొల్లేటికి ఇది అడ్డమా అనుకొనేవాణ్ణి. పక్కవాడూ అదే అనుకున్నాడు. ఆ పక్కవాడూ అదే. మొత్తం లెక్క ఎవడూ కట్టలేదు" అన్నాడు.

మేనల్లుడు తలవంచుకొని తెరమీది జాబితా చూసుకుంటున్నాడు. 'ఒక్కొక్కటీ చిన్నదేనండి' అన్న అతని మాటే తండ్రి నోట ఇంకొక రూపంలో వెలువడింది.

అయితే ఈ పోలికను ఎంతదూరం తీసుకుపోవాలో అంతదూరమే తీసుకుపోవాలి. ఆట కూలితే మళ్ళీ మొదలుపెట్టవచ్చు. జాబితాలో ఒక పేరు తొలగిస్తే దాని చోటు క్షణంలో తిరిగివస్తుంది. సరస్సులో గట్టు తొలగిస్తే గట్టుతో పాటు కొన్ని కుటుంబాల పూటగడుపు కూడా తొలగుతుంది. వారికి వేరొక ఆధారం చూపకుండా 'హద్దు మీరారు' అని మాత్రమే చెప్పడం న్యాయం కాదు. అలాగని హద్దు లేదనుకోవడమూ న్యాయం కాదు. ఎందుకంటే హద్దు మీరిన వరద మొదట చేరేది ఆ పేదల వాకిళ్ళలోకే. 2024లో మా అక్క వంటపాత్రలు అటకమీదికి ఎక్కించి, పొయ్యిని మంచంమీద పెట్టుకొని వండవలసివచ్చింది. మనుషులు అలా మంచాలెక్కిన రోజులలో ఆటపాక దగ్గరి గూడబాతులు తుమ్మచెట్ల కొమ్మలమీద ఏ చింతా లేక కూర్చున్నాయని ఆమె నవ్వుతూ చెప్పింది. నీటి కొలత మనకంటె వాటికే బాగా తెలుసునేమో.

ఇక మనసనే మూడవ పాత్ర. మనిషి జ్ఞాపకానికీ బీరువా, బల్ల రెండూ ఉన్నాయి. చిన్ననాటి సంగతులు ఏళ్ళ తరబడి బీరువాలో ఉంటాయి. కానీ ఒక క్షణంలో మనసు బల్లమీద పట్టే విషయాలు చాలా కొద్ది. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త జార్జ్ మిల్లర్ 1956లో రాసిన వ్యాసంలో ఆ సంఖ్య సుమారు ఏడు అన్నాడు. ఒకటి రెండు అటూ ఇటూ కావచ్చు. అంతకంటె తక్కువేనని తరవాతి పరిశోధకులు పలువురు అభిప్రాయపడ్డారు.

మరి అష్టావధాని ఏం చేస్తున్నాడు? ఎనిమిదిమంది పృచ్ఛకులు చుట్టూ కూర్చుంటారు. ఒకరు అక్షరాన్ని నిషేధిస్తారు. ఒకరు సమస్య ఇస్తారు. ఒకరు నాలుగు పదాలిచ్చి వాటితో పద్యం చెప్పమంటారు. గంటలు మోగుతుంటే ఎన్ని మోగాయో లెక్కించాలి. అప్రస్తుత ప్రసంగి మధ్యమధ్య చమత్కారపు ప్రశ్నలు వేసి ఏకాగ్రతను చెదరగొట్టాలని చూస్తాడు. ఒక్కొక్క ఆవృత్తిలో ఒక్కొక్క పాదం చెబుతూ పోయి, చివర పద్యాలన్నింటినీ ఏకబిగిన అప్పగించడమే ధారణ. పశ్చిమగోదావరి జిల్లా యండగండిలో 1872లో జన్మించిన దివాకర్ల తిరుపతిశాస్త్రి, చెళ్ళపిల్ల వేంకటశాస్త్రితో జతకూడి, తిరుపతి వేంకట కవులన్న పేరుతో ఈ విద్యను ఊరూరా ప్రదర్శించారు. అష్టావధానం దాటి శతావధానాలు చేశారు.

వారి మనసు బల్ల మనదానికంటె నూరురెట్లు పెద్దదని అనుకోనక్కరలేదు. వారికి ఛందస్సు ఉంది. గణాలు, యతి, ప్రాస అనే కట్టుబాట్లు ఉన్నాయి. పాదం మొదలు గుర్తుకు వస్తే యతిస్థానం తరవాతి అక్షరాన్ని తానే పిలుస్తుంది. రెండవ అక్షరం తెలిస్తే ప్రాస మిగిలిన మూడు పాదాలనూ లాక్కొస్తుంది. విడివిడిగా మోయవలసిన నూరు అక్షరాలు నాలుగు మూటలవుతాయి. అంటే అవధాని పాత్రను పెంచుకోవడంకంటె, అందులో సర్దే విధానాన్ని నేర్చుకున్నాడన్నమాట. అంతకంటె ముఖ్యం, అనవసరమైనదాన్ని లోపలికి రానివ్వకపోవడం. అప్రస్తుత ప్రసంగికి అతను నవ్వుతూ జవాబు చెబుతాడు. ఆ ప్రశ్నను మనసులో ఉంచుకోడు.

మేనల్లుడి సమస్యకు పరిష్కారం ఈ దారిలోనే దొరికింది. అదనపు జ్ఞాపకం కొనడంవల్ల ప్రయోజనం లేదని తేలిపోయింది. 64 బిట్ల కొత్త ఆటకు మారవచ్చు గాని, అతని మోడ్లలో సగం పాత కూర్పుకే సరిపోతాయి. అందుచేత అతను ఒక ఆదివారమంతా కూర్చుని జాబితాను వరుసగా పరిశీలించాడు. ప్రతిదాని ఎదుట అది ఎంత చోటు తీసుకుంటుందో, తనకు ఎంత ఆనందమిస్తుందో రెండు గడులలో రాసుకున్నాడు. ఎప్పుడూ వెళ్ళని ఊళ్ళను తొలగించాడు. దూరపు కొండల బొమ్మలను చిన్నవి చేశాడు. ఒకే పని చేసే మోడ్లు మూడు ఉంటే ఒకటి ఉంచాడు. రెండువందలు దాటిన జాబితా ఎనభైకి దిగింది. ఆట ఆరిపోవడం మానేసింది. "ముందుకంటె ఇప్పుడే బాగుందండి మావయ్యా. ఇంతకుముందు ఆడినదానికంటె మోడ్లు సర్దిందే ఎక్కువ" అన్నాడు.

పెద్ద పాత్ర దొరికితే ఈ బాధ తప్పుతుందని ఎవరైనా అనవచ్చు. కొంతవరకు నిజమే. 64 బిట్ల చిరునామాలను ఇప్పట్లో ఏ ఆటా నింపలేదు. కానీ అక్కడా పాఠం మిగిలే ఉంది. 'మైన్‌క్రాఫ్ట్' అనే ఆట మొదటి రూపం జావా భాషలో ఉంటుంది. దానికి ఎంత జ్ఞాపకం ఇవ్వాలో ఆడేవారే నిర్ణయించవచ్చు. మోడ్లు ఎక్కువైతే రెండు గిగాబైట్లు చాలవు, నిజమే. అయితే ఉన్నదంతా దానికే ఇచ్చేస్తే, మొదట ఆ యంత్రంలోని మిగతా పనులకు చోటు కరవవుతుంది. రెండవది, జావాలో వాడిపడేసిన వస్తువులను ఏరివేసే ఏర్పాటు ఒకటి ఉంది. ఇల్లు ఎంత పెద్దదైతే చెత్త అంతకాలం పేరుకుంటుంది. ఊడ్చే రోజున అంత ఎక్కువసేపు పడుతుంది. ఆ ఊడ్చే సమయంలో ఆట ఒక్క క్షణం బిగుసుకుపోతుంది. అందుకని అనుభవజ్ఞులు అవసరానికి కాస్త మించి ఇస్తారు గాని, అపారంగా ఇవ్వరు.

హద్దులన్నీ ఒక్క రకానివి కావు. కొన్ని హద్దులు మనం ఏర్పరచినవి. ముప్పైరెండు బిట్ల వంటివి. వాటిని తెలివితో, శ్రమతో దాటవచ్చు, దాటాలి కూడా. కొన్ని ప్రకృతి పెట్టినవి. నీటికి నేల ఇచ్చిన పల్లం వంటివి. వాటిని చట్టంతోనూ, బలంతోనూ దాటలేం. వాటితో సర్దుకొని బతకడం నేర్చుకోవాలి. ఏది ఏ రకమో తెలుసుకోవడమే వివేకం. తెలుసుకోకపోతే, కొనుక్కొంటే తీరని కొరతకు డబ్బు పోస్తాం. తవ్వితే పెరగని సరస్సును తవ్వుతూ పోతాం.

విద్యార్థులైన మీ వయసులో చేర్చుకోవలసినవే ఎక్కువగా కనిపిస్తాయి. చేర్చుకోండి. కాని ప్రతి చేర్పునూ విడిగా చూసి 'ఇది చిన్నదే కదా' అని సరిపెట్టుకోకండి. ఉన్నవాటితో కలిపి ఒకసారి మొత్తం లెక్క కట్టండి. మా మేనల్లుడు ఈమధ్య ఆ పనే ఇంకొకచోట మొదలుపెట్టాడు. లంకలోని చెరువుల గట్లు, నీటి దారులు, ఉప్పుటేటికి పోయే కాలువలు ఒక పటంలో గుర్తిస్తున్నాడు. ఏ గట్టు దగ్గర నీరు ఎన్ని రోజులు ఆగిందో తండ్రి చెబుతుంటే రాసుకుంటున్నాడు. ఆ లెక్క పూర్తి కావడానికి ఇంకా కొన్ని నెలలు పడుతుంది.